జాన్‌బాబు కుటుంబం వారి గుప్పెడు బియ్యం

రోజూ సాయంత్రం ఆస్పత్రి నుంచి రాగానే సరళకుమారి ఇద్దరికి సరిపడా అన్నం వండేది. ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే. భర్త జాన్‌బాబు పోయి నాలుగేళ్లయింది, పిల్లలు లేరు. పోనీ ఆ వండిందైనా కడుపునిండా తినేదా అంటే అదీ లేదు. ఒంటరిగా కంచం ముందు కూర్చోబుద్ధి కాక, నాలుగు మెతుకులు మజ్జిగలో పిసుక్కుని తిన్నాననిపించి లేచేది. మిగిలిందంతా కింద ఇంటివాళ్ల గేదెకి పోయేది.

మతి చెడిన మనిషి వాలకం అనుకునేరు, అదేం కాదు. ఢిల్లీలో ఓ పెద్ద ఆస్పత్రిలో పాతికేళ్లుగా నర్సు. ఆవిడ డ్యూటీలో ఉందంటే వార్డు ఆయాలు గట్టిగా నవ్వడానికి కూడా వెనకా ముందూ చూసుకునేవాళ్లు. ఆర్భాటం లేదు, ఒకరి జోలికి పోదు. అలాంటి మనిషి రోజూ అంత అన్నం గేదె పాలు చేసిందంటే దానికో కారణం ఉంది. ఆ కారణం చాలా మంచిది కూడా. మంచి మనుషులు పప్పులో కాలేసేది ఇలాంటి చోటే.

రేపల్లె దగ్గర ఆమె పుట్టిన పల్లెలో, క్రీస్తును నమ్ముకున్న ఇళ్లన్నింటిలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎసట్లోకి బియ్యం కొలిచాక, కడగకముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసేవాళ్లు. అది దేవుడి వాటా, అంటే తిండికి లేనివాళ్ల వాటా. క్రిస్మస్‌కి ఇంటింటి డబ్బాలూ చర్చికి చేరేవి, ఆ బియ్యం వండి ఆకలిగొన్నవాళ్లకి పెట్టేవాళ్లు. చిన్నప్పుడు సరళ ఒకసారి గుప్పెడు తీశాక ఆ లోటు పూడ్చడానికి బస్తాలోంచి ఇంకో గుప్పెడు తెచ్చి గిన్నెలో పోసింది. వాళ్లమ్మ ఆ చెయ్యి అలాగే పట్టుకుంది.

"అట్టా కలపకూడదే పిల్లా. మన నోటికాడ ముద్ద తగ్గాల. తగ్గకపోతే అది కానుకెట్టా అవుద్ది?"

కొట్లో కొన్న బియ్యం నేరుగా డబ్బాలో పొయ్యడం కూడా వాళ్లమ్మ దృష్టిలో దొంగతనంతో సమానం. తినే ఇంట్లోంచి, తినేవాళ్ల వాటాలోంచి తియ్యాలి. ఆ మాట సరళకుమారి బుర్రలో మేకు కొట్టినట్టు దిగిపోయింది.

ఢిల్లీ తెలుగువాళ్లు ఆ ఆనవాయితీని రైల్లో పచ్చళ్ల జాడీలతోపాటు మోసుకొచ్చారు. వాళ్లకి సొంత చర్చి లేదు. కరోల్ బాగ్ వైపు ఒక పాత చర్చిలో పొద్దున ఇంగ్లీషు ఆరాధన, ఆ తర్వాత హిందీ, ఆ తర్వాత తమిళం. వాళ్లందరూ దేవుణ్ని వదిలిపెట్టి భోజనాలకి వెళ్లాక, మధ్యాహ్నం మనవాళ్ల వంతు. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆదివారం గుప్పెడు బియ్యం ఆదివారం. ముందు వరుస దగ్గర ఒక పెద్ద గంగాళం పెట్టేవాళ్లు. ఒక్కొక్క కుటుంబం పేరు చదివితే, ఆ ఇంటిల్లిపాదీ లేచి డబ్బా పట్టుకుని ముందుకు నడిచి, బియ్యం గంగాళంలో పోసేవాళ్లు. సంఘమంతా స్తోత్రం అనేది. రేషను బియ్యం, పర్మల్ బియ్యం, ఊరినుంచి తెప్పించుకున్న సన్నబియ్యం, కొత్తగా కంప్యూటరు ఉద్యోగాల్లో చేరిన కుర్రవాళ్ల బాస్మతి, అన్నీ అందులోనే. క్రిస్మస్ రోజు ఘాజియాబాద్‌లో బిల్డింగులు కట్టే పాలమూరు కూలీల గుడిసెల దగ్గర దాన్ని వండి వడ్డించేవాళ్లు. అన్ని రకాలు కలిసిన బియ్యం ఏ వంటవాడి మాటా వినదు. సగం మెతుకులు చిమిడేవి, సగం పలుకుగా ఉండేవి. అయినా తెలుగు మాటతో వడ్డించిన అన్నమని వాళ్లు ఇష్టంగా తినేవాళ్లు.

పెళ్లయిన కొత్తలో, ఢిల్లీలో కలిసిపోయిన మునిర్కా ఊళ్లో ఈ రెండు గదుల్లోకి వచ్చినప్పుడు ఆ డబ్బా జాన్‌బాబుకి పెద్ద వేళాకోళం. ఆయన అదే ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసేవాడు. అన్నం తప్ప ఇంకేదీ భోజనం కింద లెక్కకట్టని మనిషి. ఢిల్లీ వచ్చి ఎన్నేళ్లయినా, చపాతీలు తిన్న పూట తనకి తిండే పెట్టలేదన్నట్టు మొహం పెట్టేవాడు. ఆమె బియ్యం కొలుస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి కాపలా కాసేవాడు.

"నీ వాటాలోంచి తియ్యవోయ్. నా వాటా జోలికి రాకు" అనేవాడు.

అని, తినేటప్పుడు మాత్రం చివరి ముద్ద ఆమె కంచంలోకి తోసేవాడు. ఒక జూన్ నెల మధ్యాహ్నం, డ్యూటీలోనే, ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. అదే ఆస్పత్రి, ఇద్దరికీ తెలిసిన డాక్టర్లు, పరుగెత్తుకొచ్చిన నర్సు సొంత భార్య. అయినా ఎవరివల్లా కాలేదు.

ఆ ఏడు సరళకుమారి చాలా రోజులు పొయ్యి వెలిగించలేదు. డిసెంబరు వచ్చేసరికి డబ్బా అడుగున ఏదో కొంచెం ఉంది. ఆదివారం ముందురోజు కొట్లో బియ్యం కొని డబ్బా నింపేసింది. చర్చిలో "జాన్‌బాబు కుటుంబం" అని పేరు చదివారు. ఆమె ఒక్కతే లేచింది. ఆ రెండు మాటలు విన్నప్పుడు గుండెల్లో ఏదో చల్లగా దిగింది. రేషను కార్డులో ఆయన పేరు కొట్టేశారు. ఆస్పత్రిలో ఆయన గది ఇంకొకరికి ఇచ్చేశారు. పలకరించేవాళ్లు కూడా, ఆమెకి బాధ కలుగుతుందని కాబోలు, ఆయన పేరెత్తడం మానేశారు. ఈ ప్రపంచంలో నలుగురి ముందు ఆయన పేరు పైకి పలికే చోటు ఇదొక్కటే మిగిలిందని ఆమెకి ఆ రోజే తెలిసింది. ఇంటికి వస్తూనే, కొన్న బియ్యం సంగతి గుర్తొచ్చి సిగ్గుతో కుంచించుకుపోయింది.

మర్నాటి నుంచి వంట మొదలుపెట్టింది. ఇద్దరికి కొలిచేది, కడగకముందు గుప్పెడు తీసేది, మిగిలింది వండేది. అంగడి బియ్యం కాదు, తీసిన లోటు పూడ్చలేదు, అమ్మ చెప్పిన మాట ఒక్కటీ తప్పలేదు. ఒక్కరికి కొలిస్తే మాత్రం ఒప్పుకునేది కాదు ఆమె మనసు. జాన్‌బాబు కుటుంబం అని చదివేటప్పుడు ఆ డబ్బాలో జాన్‌బాబు వాటా కూడా ఉండాలి కదా మరి. ఏటా డబ్బా నిండేది, ఏటా పేరు చదివేవాళ్లు, ఏటా ఆమె ఒంటరిగా నడిచి వెళ్లి పోసి వచ్చేది. ఆ ఒక్క పిలుపు కోసం మిగతా ఏడాదంతా గడిపేది.

ఇది ఇలాగే సాగిపోయేదేమో, తొంభై అయిదు నవంబరులో గేదె జబ్బుపడకపోతే.

ఇంటావిడ చంద్రో మునిర్కా పాతకాపు. ఊరి పొలాలన్నీ కాలనీలైపోయినా గేదెను మాత్రం వదిలిపెట్టని మనిషి. అద్దెకున్నవాళ్లందరికీ ఆవిడ తాయీ, అంటే పెద్దమ్మ. ఒక సాయంత్రం ముసుగు సర్దుకుంటూ, మెట్లని తిట్టుకుంటూ పైకొచ్చింది. గేదె నెమరు మానేసిందట, కడుపు ఉబ్బిందట, పశువుల డాక్టరు వచ్చి అన్నం పెట్టొద్దని గట్టిగా చెప్పి వెళ్లాడట. స్టవ్ మీద ఉడుకుతున్న గిన్నె చూసి తాయీ అక్కడే పీట లాక్కుని కూర్చుంది.

"సిస్టర్, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఇన్నాళ్లూ నీ ఇంటికి ఎవరో భోజనానికి వస్తామని రాకుండా పోతున్నారనుకున్నాను. రోజూ ఎవరు రాకుండా పోతారు?" అంది తన హర్యాణా యాసలో.

సరళకుమారి స్టవ్ తగ్గించి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆస్పత్రి హిందీలో, తడుముకుంటూ, గుప్పెడు బియ్యం సంగతంతా చెప్పింది. అమ్మ చెప్పిన మాట చెప్పింది. చర్చిలో పేరు చదవడం గురించి కూడా చెప్పింది. తాయీ శ్రద్ధగా విన్నది. ఆవిడా మొగుడు పోయిన మనిషే.

"అచ్ఛా. మేమూ పిండి కలిపేముందు చిటికెడు తీసిపెడతాంలే. మంచి పనే" అంది. ఆ తర్వాత నిజంగానే అర్థంకాక అడిగింది. "తినేవాళ్ల పొట్టలోంచి తియ్యాలన్నావు కదా బేటీ. నువ్వు తినవు. ఆయన లేడు. మరి ఇన్నేళ్లూ ఎవరి పొట్టలోంచి తీశావు? నా గేదె పొట్టలోంచా?"

సరళకుమారికి నవ్వొచ్చింది. తాయీ కూడా నవ్వింది. కానీ తాయీ మెట్లు దిగి వెళ్లాక ఆ నవ్వు నిలవలేదు. ఆకలిగొన్నవాళ్ల కోసమని గుప్పెడు తీసి, ఆ పేరు చెప్పి ఇంత అన్నం రోజూ నేలపాలు చేసింది. ఘాజియాబాద్ గుడిసెల్లో పిల్లలు కంచం అంచు కూడా నాకడం ఆమె తన కళ్లతో చూసింది. చూసి ఇంటికొచ్చి మళ్లీ గేదెకి పెట్టింది. తనని తాను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

మర్నాడు సాయంత్రం ఒక్కరికే కొలిచింది. చెయ్యి రెండో గ్లాసు కోసం దానంతటదే బియ్యం డబ్బాలోకి వెళ్లింది, బలవంతంగా వెనక్కి తీసుకుంది. గుప్పెడు తీసేసరికి గ్లాసులో మిగిలింది చూస్తే జాలేసింది. రోజూ వండే గిన్నె అడుగున ఆ బియ్యం కనిపించను కూడా లేదు, పాలు కాచే చిన్న గిన్నె తీయాల్సి వచ్చింది. ఆ కాస్త అన్నమూ గోంగూర పచ్చడితో మెతుకు మిగల్చకుండా తిన్నది. తిన్నాక చాల్లేదనిపించింది. ఇంకొంచెం ఉంటే బావుండుననిపించింది. నాలుగేళ్లుగా ఆకలి లేదు, ఆకలి లేదు అంటూ వచ్చిన మనిషికి ఆ పూట ఆకలేసింది. ఆయన లేకుండా ఆకలేమిటని తనమీద తనకే అసహ్యం వేసింది. మంచినీళ్లు తాగి రజాయి కప్పుకుంది. కడుపు నకనకలాడుతుంటే, ఇన్నాళ్లూ గదిలో తనతో ఎవరో ఉన్నట్టుండిన ధైర్యం కాస్తా పోయింది.

ఆ తర్వాత రోజూ అంతే. ఆకలి తనకి ఇంత ఉందని ఆమె ఎరగదు. చిన్న డబ్బా ఒకటి వేరే తీసి, ఆ గుప్పెళ్లు అందులో వేసింది. పాత డబ్బా నిండుగా పక్కనే కూర్చుని ఉంది. దాన్నేం చెయ్యాలో వెంటనే తేలింది, బియ్యం బియ్యమే, వండితే ఎవరి కడుపైనా నిండుతుంది. తేలనిది పేరు. ఈ చిన్న డబ్బాలో ఉన్నది ఒక్క మనిషి నోటికాడ నుంచి తీసింది. దీన్ని పట్టుకుని జాన్‌బాబు కుటుంబం అన్న పిలుపుకి ఎలా లేవడం? లేవకపోతే ఆ పిలుపే లేదు. వార్డులో ఇంజెక్షన్లు ఇస్తూ, బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఇదే ఆలోచించింది. ఎవరికీ తెలియదు, ఒక్క పేరే కదా, చదవనీ అని ఒక రోజు అనుకునేది. అమ్మ పట్టుకున్న చెయ్యి ఆ రోజు సాయంత్రానికే నొప్పెట్టేది.

గుప్పెడు బియ్యం ఆదివారానికి ముందురోజు, శనివారం, చర్చిలో పాటల ప్రాక్టీసుకి ముందే వెళ్లి స్త్రీల సమాజం పెద్ద కృష్ణకుమారిని కలిసింది. కృష్ణకుమారి ఇంకో ఆస్పత్రిలో మేట్రన్. అన్నింటికీ తానే పూనుకునే మనిషి, మనసు మంచిదే, నోరే కాస్త పెద్దది. సరళకుమారి పెద్ద డబ్బా ఆవిడ ముందు పెట్టింది.

"ఇవి ఊరికే ఇచ్చే బియ్యం కృష్ణా. గుప్పెడు కాదు. వీటికి పేరు చదవొద్దు. రేపు నేను వేరే చిన్న డబ్బా తెస్తా."

"బియ్యంలో కూడా ఇన్ని రకాలా అక్కా? రేపు పేర్లు చదివేది మా అమ్మాయి కెరెనే. జాన్‌బాబుగారి కుటుంబం అని దానికి నోటికొచ్చు."

"ఆ పేరు చదివించకు. నా పేరొక్కటే చదవమను. సరళకుమారి అని."

కృష్ణకుమారి ఆమె మొహంలోకి చూసి, గొంతు తగ్గించింది. "ఏమైందక్కా? కష్టంగా ఉంటే ఈ యేడు మానెయ్. ఒంటరి ఆడవాళ్లని ఎవరం అడగం గదా. నీకే మేం తెచ్చి పెట్టాలి గానీ."

ప్రేమగా అన్న మాటే. అయినా సరళకుమారికి ఒళ్లంతా మండింది. ఇచ్చే వరుసలోంచి లేపి పుచ్చుకునే వరుసలో కూర్చోబెట్టినట్టనిపించింది.

"నేను తింటున్నా కృష్ణా. తినేదాంట్లోంచి తీశా. నన్ను మానెయ్యమనొద్దు. పేరు మార్చమంటున్నా, అంతే" అంది.

ఆదివారం పొగమంచు మధ్యాహ్నం దాకా విడవలేదు. చర్చిలో అందరూ స్వెట్టర్లు, శాలువలతో ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. అయ్యగారు ప్రసంగం ముగించాక కెరెన్ లేచింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదువుతుంది. ఒక్కో కుటుంబం లేచి వెళ్తోంది. భార్యాభర్తలు, పిల్లలు, చంకన పసివాళ్లు. డబ్బా నేను పట్టుకుంటానంటే నేనని పోట్లాడుకునే అన్నదమ్ములు. ఎప్పుడూ జాన్‌బాబు పేరు టిమోతి కుటుంబం తర్వాత వచ్చేది. టిమోతి జాన్‌బాబుకి పాత స్నేహితుడు, ఉద్యోగాల కోసం బాపట్ల నుంచి ఒకే రైల్లో వచ్చినవాళ్లు. టిమోతి భార్యతో, కొడుకుతో వెళ్లి బియ్యం పోసి వచ్చి కూర్చున్నాడు. సరళకుమారి ఒళ్లో ఉన్న చిన్న డబ్బా చేతిలోకి తీసుకుంది.

"సరళకుమారి" అని చదివింది కెరెన్. ప్రతి పేరుకీ వెనక వచ్చే కుటుంబం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ, వాళ్లమ్మ వైపు చూసి ఆగిపోయింది.

సంఘానికి ఒక్క క్షణం అర్థం కాలేదు. స్తోత్రం ఆలస్యంగా, అక్కడొకరూ ఇక్కడొకరూ అన్నట్టు వచ్చింది. ఆమె లేచి నడిచింది. నాలుగేళ్లుగా నడిచిన దారే, ఎప్పుడూ ఒక్కతే నడిచింది, కానీ ఇంత ఒంటరిగా ఎప్పుడూ నడవలేదు. డబ్బా వంచితే బియ్యం పడటం ఇట్టే అయిపోయింది. వెనక్కి వచ్చి కూర్చునేసరికి ఇంకో కుటుంబాన్ని పిలిచారు. ఆగండి, తప్పు చెప్పాను, మళ్లీ చదవండి అని అరవాలనిపించింది. ఆయన పేరు ఇక ఎవరూ ఎక్కడా పిలవరు. తీసేసింది తనే, తన నోటితోనే. ఆరాధన అయ్యేదాకా ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

బయట అందరూ టీ గ్లాసులు పట్టుకుని పండగ కబుర్లలో పడ్డారు. ఆమె గేటు వైపు నడుస్తుంటే టిమోతి మఫ్లర్ చుట్టుకుంటూ వెనకాలే వచ్చాడు.

"చెల్లెమ్మా, ఇవాళ జాన్‌బాబు పేరు వినపళ్లేదే. పిల్ల మర్చిపోయిందా?" అన్నాడు. నేల చూపులు చూస్తూ మళ్లీ తనే అన్నాడు. "ఏటా దానికోసమే చూస్తా తల్లీ నేను. ఇంకెక్కడా వాడి పేరు ఎవరూ అనరు గదా."

ఇంకొకరు కూడా ఆ పేరు కోసం కాచుకుని ఉంటారని ఆమెకి ఎన్నడూ తట్టలేదు. ఆ ఒక్కడి దగ్గర కూడా లాగేసుకున్నాననుకుంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మర్చిపోలేదన్నయ్యా. నేనే చదవొద్దన్నా" అంది. "ఆయన ఇంట్లో అన్నం తినడంలేదు."

టిమోతి ఇదేం మాటమ్మా అనలేదు. పక్కింటి మనిషి ఆరోగ్యం అడిగినట్టు, మెల్లగా అడిగాడు.

"ఎప్పట్నించమ్మా?"

"నెల్లాళ్ల నించి" అంది సరళకుమారి. అని, గేటు పక్క గోడకి ఆనుకుని, జాన్‌బాబు పోయిన రోజున ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. టిమోతి మఫ్లర్‌తో కళ్లు తుడుచుకుని, ఎవరూ ఇటు రాకుండా ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.